విద్యార్థుల ఆరోగ్యానికి యాభై ఏళ్ళు కాపలా కాసిన డాక్టర్ హిచ్‌కాక్



వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితాన్ని పరిచయం చేయడం మన హాస్టల్ ఆనవాయితీ. అంబేద్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి, జాషువా గారి గురించి పాత సంచికల్లో చదువుకున్నాం. ఈసారి మేము ఎంచుకున్న వ్యక్తి పేరు మనలో చాలామంది విని ఉండరు. అమెరికాలో కాలేజీ విద్యార్థుల ఆరోగ్యం కోసం పనిచేసే డాక్టర్లకు, నర్సులకు మాత్రం ఆయన పేరు బాగా తెలుసు. ఆయనే డాక్టర్ ఎడ్వర్డ్ హిచ్‌కాక్.

ఆయన్నే ఎందుకు ఎంచుకున్నామో ముందు చెప్పాలి. మేము ఈ హాస్టల్లో డిగ్రీ చదివే రోజుల్లో మా గదిలోని ఒక మిత్రుడు పరీక్షల ముందు వారం రోజులు జ్వరాన్ని దాచిపెట్టాడు. కబురు వెళితే అమ్మానాన్నలు కూలి మానుకుని, అప్పు చేసి బస్సెక్కుతారని అతని భయం. మెస్‌లో తన అన్నం పక్కవాడి ప్లేటులో వేసేస్తుంటే మేము నవ్వుకున్నామే గాని ఎందుకని అడగలేదు. కళ్ళు పచ్చబడ్డాక గాని కామెర్లని తెలియలేదు. మనిషి దక్కాడు, కాని ఆ ఏడు పరీక్షలు పోయాయి. ఒకే గదిలో ఎనిమిది మందిమి పడుకుంటూ తోటివాడి ఒంట్లో ఏముందో తెలుసుకోలేకపోయామే అన్న బాధ మమ్మల్ని ఇప్పటికీ వదల్లేదు. హిచ్‌కాక్ గారి జీవితం చదివినప్పుడు ఆ గదే గుర్తుకొచ్చింది.

హిచ్‌కాక్ గారు 1828 మే నెలలో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో, ఆమ్‌హెర్స్ట్ అనే చిన్న ఊరిలో జన్మించారు. ఆ ఊరి కాలేజీ 1821లో మొదలైంది. మత బోధకులు కావాలనే ఆశ ఉండి, చదువుకునే స్తోమత లేని పేద యువకుల కోసం పెద్దలు చందాలు పోగుచేసి ఒక నిధి ఏర్పాటు చేశారు. ఆ నిధి ఆసరాతోనే కాలేజీ నిలబడింది. పేదపిల్లల చదువు కోసం పుట్టిన సంస్థ కాబట్టి మనకు అది పరాయిది అనిపించదు.

తండ్రి పేరు కూడా ఎడ్వర్డ్ హిచ్‌కాక్. ఆయన పేరు పొందిన భూగర్భ శాస్త్రవేత్త. కనెక్టికట్ నదీ లోయలో రాళ్ళ మీద ముద్రపడిన పురాతన జంతువుల అడుగుజాడలను పరిశోధించారు. 1845 నుండి 1854 వరకు ఆ కాలేజీకి అధ్యక్షులుగా పనిచేశారు. తల్లి ఓరా గారు చిత్రకారిణి. భర్త పాఠాలకు కావలసిన పటాలన్నీ ఆమె చేత్తోనే గీసి ఇచ్చేవారు. అయితే తండ్రిగారికి జీవితాంతం అజీర్తి బాధ. తిండి విషయంలో ఎలా జాగ్రత్తపడాలో విద్యార్థులకు ఉపన్యాసాలిచ్చి, వాటిని 1830లో పుస్తకంగా కూడా వేశారు. చదువు ఎంత ఉన్నా ఒళ్ళు సహకరించకపోతే మనిషి ఎంత అవస్థ పడతాడో కొడుకు చిన్నప్పటి నుండి ఇంట్లోనే చూశాడు.

కొడుకు 1849లో ఆమ్‌హెర్స్ట్‌లోనే పట్టా పుచ్చుకుని, 1853లో హార్వర్డ్‌లో వైద్య విద్య పూర్తిచేశారు. డాక్టరుగా ప్రాక్టీసు పెట్టి డబ్బు సంపాదించుకోవచ్చు. కాని ఆయన దగ్గరలోని ఈస్ట్‌హాంప్టన్‌లో ఒక పాఠశాలలో సైన్సు పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయారు. 1860లో తండ్రీకొడుకులు కలిసి శరీర నిర్మాణం, శరీర ధర్మాల మీద ఒక పాఠ్యపుస్తకం రాశారు.

ఇంతలో ఆమ్‌హెర్స్ట్ కాలేజీలో ఒక సమస్య ముదిరింది. 1854లో అధ్యక్షులైన విలియం స్టెర్న్స్ గారు ఒక సంగతి గమనించారు. మొదటి ఏడు ఆరోగ్యంగా వచ్చిన పిల్లలు మూడో ఏడు, నాలుగో ఏడు వచ్చేసరికి నీరసించిపోతున్నారు. కొందరు చదువు మానేసి ఇంటికి వెళ్ళిపోతున్నారు. ఏళ్ళ తరబడి పొలం పనికి అలవాటుపడిన శరీరాలు ఒక్కసారిగా పుస్తకాల ముందు కూలబడటమే దీనికి కారణమని ఆయన భావించారు. ఏటా కాలేజీ ట్రస్టీలకు ఈ విషయం విన్నవిస్తూ వచ్చారు. చివరకు 1860లో బారెట్ అనే డాక్టరుగారి విరాళంతో వ్యాయామశాల కట్టారు.

భవనంతోనే స్టెర్న్స్ గారు సరిపెట్టుకోలేదు. ఆ శాఖకు పెద్దగా ఉండేవాడు వైద్యుడై ఉండాలి, మిగతా ప్రొఫెసర్లతో సమానమైన హోదా ఉండాలి అని నిర్ణయించారు. ఆ రోజుల్లో ఇది కొత్త ఆలోచన. మొదట నియమించిన డాక్టరుగారు తన ఆరోగ్యమే బాగోక త్వరలోనే తప్పుకున్నారు. 1861లో ఆ బాధ్యత హిచ్‌కాక్ గారి చేతికొచ్చింది. అప్పటికి ఆయనకు 33 ఏళ్ళు. అక్కడి నుండి 1911 ఫిబ్రవరిలో కన్నుమూసే దాకా, సుమారు యాభై ఏళ్ళు ఆయన ఆ పని వదల్లేదు.

ఆయన చేసిన పనులను వరుసగా చెప్పుకుందాం.

మొదటిది, కాలేజీలో చేరిన ప్రతి విద్యార్థినీ పరీక్ష చేసేవారు. ఎత్తు, బరువు, ఛాతీ కొలత, చేతుల చుట్టుకొలత, ఊపిరితిత్తుల సామర్థ్యం, కండబలం అన్నీ నమోదయ్యేవి. తరువాతి సంవత్సరాల్లో మళ్ళీ కొలిచేవారు. దాంతో ఒక కుర్రవాడు పెరుగుతున్నాడా, తరిగిపోతున్నాడా అన్నది ఊహ మీద ఆధారపడకుండా కాగితం మీద కనబడేది. ఈ కొలతల పద్ధతిపై 1887లో తన సహచరుడు సీలీ గారితో కలిసి ఒక కరదీపిక ప్రచురించారు.

రెండవది, వారానికి నాలుగు రోజులు, రోజుకు అరగంట వ్యాయామం అందరికీ తప్పనిసరి. బరువులెత్తించడం ఆయన ఉద్దేశం కాదు. తేలికపాటి కొయ్య డంబెల్స్ పట్టుకుని, పియానో వాయిస్తుంటే ఆ తాళానికి తగ్గట్టు తరగతి అంతా కలిసి చేసేవారు. మధ్యలో కేకలు, పాటలు, పరుగులు ఉన్నా ఆయన అడ్డుచెప్పేవారు కాదు. సంతోషం లేని వ్యాయామం ఎక్కువ రోజులు సాగదని ఆయనకు తెలుసు.

మూడవది, మాకు అన్నిటికన్నా నచ్చినది. ప్రతి తరగతీ తన కెప్టెన్‌ను తానే ఎన్నుకునేది. వ్యాయామం నడిపించేది, హాజరు చూసేది ఆ విద్యార్థి నాయకులే. డాక్టరుగారు పక్కన ఉండి గమనించేవారు. ఒక్క డాక్టరు వందలమందిని కనిపెట్టుకుని ఉండలేడు. విద్యార్థి నాయకులు, అధ్యాపకులు, వైద్యుడు ఒక జట్టుగా ఉంటేనే అది సాధ్యమవుతుందని ఆయన చేసి చూపించారు.

నాలుగవది, జబ్బుపడి క్లాసులకు రానివారి వివరాలు రాసిపెట్టేవారు. ఏ జబ్బు ఎక్కువగా వస్తోంది, ఎన్ని రోజుల చదువు పోతోంది అన్నది లెక్క తేలేది. మొదటి ఏడు పిల్లలకు నిద్ర, తిండి, స్నానం, గాలి వెలుతురు గురించి పాఠాలు చెప్పేవారు. ఒంట్లో బాగోలేని కుర్రవాడు భయం లేకుండా ఆయన దగ్గరకు వెళ్ళగలిగేవాడు. పిల్లలు ఆయన్ని ప్రేమగా ఓల్డ్ డాక్ అని పిలుచుకునేవారు. మన భాషలో డాక్టరు తాత అనుకోవచ్చు.

1884లో ప్రాట్ అనే పూర్వ విద్యార్థి విరాళంతో కొత్త వ్యాయామశాల వచ్చింది. 1890ల చివర్లో అదే కుటుంబం సాయంతో, జబ్బుపడిన విద్యార్థులు ఉండటానికి ఒక ఆరోగ్య గృహం కూడా ఏర్పడింది. పూర్వ విద్యార్థులు తలచుకుంటే ఏం చేయగలరో దీన్నిబట్టి తెలుస్తుంది.

1885లో అమెరికాలో వ్యాయామ విద్యావేత్తలు ఒక సంఘంగా ఏర్పడి తొలి అధ్యక్షులుగా ఆయన్నే ఎన్నుకున్నారు. ఆమ్‌హెర్స్ట్‌లో చదివిన జార్జ్ లీలాండ్ 1878లో జపాన్ ప్రభుత్వ ఆహ్వానంపై వెళ్ళి అక్కడ వ్యాయామ ఉపాధ్యాయుల శిక్షణకు పునాది వేశారు. హిచ్‌కాక్ గారి కుమారుడు కార్నెల్ విశ్వవిద్యాలయంలో తండ్రి చేసిన పనే చేపట్టారు. 1920లో ఏర్పడిన అమెరికా కాలేజీ ఆరోగ్య సంఘం ఆయన పేరు మీద ఒక పురస్కారం నెలకొల్పింది.

పొగడ్తలతో ముగించడం న్యాయం కాదు. ఆయన పనికి కొన్ని పరిమితులున్నాయి. ఆమ్‌హెర్స్ట్ 1975 దాకా మగపిల్లల కాలేజీయే. ఆయన కొలతలు ఆ కుర్రవాళ్ళ గురించి చెప్పాయే గాని మనుషులందరి గురించి చెప్పలేవు. ఛాతీ కొలత పెరిగినంత మాత్రాన మనసులో దిగులు పోదు. విద్యార్థుల మానసిక ఆరోగ్యానికి ప్రత్యేక సేవ ప్రిన్స్టన్ విశ్వవిద్యాలయంలో 1910లో, అంటే హిచ్‌కాక్ గారి చివరి రోజుల్లో గాని మొదలు కాలేదు. ఇవాళ పెద్ద విశ్వవిద్యాలయాల్లో డాక్టరుతో పాటు నర్సు, మానసిక సలహాదారు, ఆహార నిపుణుడు కలిసి ఒక జట్టుగా పనిచేస్తున్నారు. ఆయన వేసిన బాట మీదే తరువాతివాళ్ళు మరింత ముందుకు నడిచారు.

మన హాస్టల్లో అంత జట్టు లేదు. కాని వార్డెన్ గారున్నారు, వంటమనిషి ఉన్నారు, పీహెచ్‌సీ నుండి వచ్చే ఏఎన్ఎం అక్క ఉన్నారు, గదికి ఎనిమిది మంది మిత్రులున్నారు. అందుకే పూర్వ విద్యార్థులుగా మేము ఈ వార్షికోత్సవానికి ఒక తూకం మిషను, ఎత్తు కొలిచే బద్ద, ఒక పెద్ద రిజిస్టరు హాస్టల్‌కు ఇస్తున్నాం. ప్రతి గదివారూ తమలో ఒకరిని ఆరోగ్య నాయకుడిగా ఎన్నుకోండి. నెలకొకసారి అందరి బరువు రాయండి. తగ్గినవాడిని ఎగతాళి చేయకండి, ఎందుకు తగ్గాడో అడగండి. రెండు పూటలు అన్నం ముట్టని వాడిని, రాత్రిళ్ళు నిద్రపోకుండా గోడకేసి చూసేవాడిని గమనించి వార్డెన్ గారికి చెప్పండి. అది చాడీ చెప్పడం కాదు.

ఆ రిజిస్టరు కొనడానికి చందా వేసినవారిలో, అప్పట్లో మా గదిలో కామెర్లను దాచుకున్న ఆ మిత్రుడు కూడా ఉన్నాడు. మొదటి పేజీలో అతని చేతనే గీతలు గీయించి పంపుతున్నాం. పేర్లు మీరు రాసుకోండి.