కడవెండి కొమరయ్య

నిజాం పాలనలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లాకు చెంది ఉండెను. ఆ తాలూకాలోని కడవెండి గ్రామము నేడు జనగామ జిల్లా దేవరుప్పుల మండలములో ఉన్నది. దొడ్డి కొమరయ్య 1927 లో ఆ ఊర ఒక కురుమ కుటుంబమున జన్మించినారు. ఆ ఇంటివారి బ్రదుకుతెరువు గొఱ్ఱెల పెంపకము. పందొమ్మిదేండ్లకే ముగిసిన ఆయన జీవితములో పదవి గాని, గ్రంథరచన గాని, దేశాటనము గాని లేదు. అయినను మానవ హక్కు అను మాట రాజ్యముల నోట ఎట్లు పలుకునో, పేదవాని ఇంట ఎట్లు పలుకునో తెలిసికొనగోరువారికి ఆయన కథ ఎంతయో చెప్పగలదు.

కడవెండి విసునూరు దేశముఖు రామచంద్రారెడ్డి ఏలుబడిలోని గ్రామము. అతనికి నలువది వేల ఎకరముల భూమి ఉండెనని ఆనాటి పోరాట నాయకులు వ్రాసిన చరిత్రలు చెప్పుచున్నవి. కడవెండి గడీలో అతని తల్లి జానమ్మ దొరసాని ఉండి పెత్తనము సాగించినది. గడీకి వెట్టి చేయని కులము లేదు. చాకలి బట్టలుతుకవలెను, కుమ్మరి కుండలియ్యవలెను, మాదిగ చెప్పులు కుట్టి ఇయ్యవలెను. కురుమలు, గొల్లలు పండుగకు పబ్బమునకు మందలోని గొఱ్ఱెలను గడీకి తోలవలెను. కూలి అడుగరాదు, ధర అడుగరాదు. వెట్టిని నిషేధించుచు నిజాం ప్రభుత్వము ఉత్తర్వు చేసియే ఉన్నది. కాని దానిని అమలు జరుపవలసిన అధికారులే గ్రామమునకు వచ్చినప్పుడు వెట్టి చేయించుకొన్నారు.

1944 లో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన భువనగిరిలో ఆంధ్రమహాసభ జరిగినది. ఆ తరువాత సంఘము పల్లెపల్లెకు ప్రాకినది. చీటీ వ్రాసి సభ్యులను చేర్చుకొనుటచే జనము దానిని చీటీల సంఘమని పిలిచినారు. కడవెండిలో కొమరయ్య అన్నగారైన మల్లయ్య సంఘ నాయకులలో ఒకరు. తమ్ముడు అన్న వెంట నడచినారు. వెట్టి చేయబోమని, దొర లాగుకొన్న భూమిని విడువబోమని ఊరు ఒక్కమాటగా నిలిచినది.

1946 జూలై 4వ తేదీన దేశముఖు మనుషులు త్రాగి వచ్చి సంఘ నాయకుల ఇండ్లపై రాళ్లు రువ్వినారు. గ్రామస్థులు కఱ్ఱలు, వడిసెలలు పట్టి ఊరేగింపుగా బయలుదేరినారు. గడీ సమీపమునకు రాగానే వారిపై తుపాకులు ప్రేలినవి. ముందు వరుసలో ఉన్న కొమరయ్యకు కడుపులో గుండు తగిలి ప్రాణము పోయినది. మల్లయ్యయు మరికొందరును గాయపడినారు. జనము చెదరలేదు. చుట్టుపట్టుల గ్రామములనుండి వేలమంది తరలివచ్చినారు. కొమరయ్య మరణవార్త వ్యాపించిన కొలది పల్లెలు ఒకదాని వెనుక ఒకటి వెట్టిని మానివేసినవి. తెలంగాణా రైతాంగ సాయుధ పోరాటమునకు ఆ దినమునే ఆరంభముగా చెప్పుదురు.

అదే సంవత్సరమున మరియొక చోట హక్కుల ప్రసంగము నడచుచుండెను. కొమరయ్య నేలకొరుగుటకు పండ్రెండు దినముల ముందు, జూన్ 22న, దక్షిణాఫ్రికాలోని భారతీయులకు జరుగుచున్న అన్యాయమును గూర్చి భారతదేశము ఐక్యరాజ్యసమితికి ఫిర్యాదు పంపినది. అది తమ ఇంటి వ్యవహారమని, పరులు జోక్యము చేసికొనరాదని దక్షిణాఫ్రికా వాదించినది. మానవుని ప్రాథమిక హక్కులకు సరిహద్దులు అడ్డురావని విజయలక్ష్మీ పండిట్ నాయకత్వమున మన ప్రతినిధులు బదులు చెప్పినారు. డిసెంబరు 8న సర్వసభ్యసభ 32 ఓట్లతో, 15 వ్యతిరేక ఓట్లతో, భారతదేశ పక్షమున తీర్మానించినది.

రెండేండ్లు తిరుగునప్పటికి వాదములు చేతులు మారినవి. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వము భారతదేశముపై భద్రతా మండలికి ఫిర్యాదు చేసినది. సెప్టెంబరు 13న భారత సేనలు హైదరాబాదు రాజ్యములో ప్రవేశించినవి. 16న పారిస్ నగరమున మండలి సమావేశమై విషయమును చర్చకు స్వీకరించినది. నిజాం తరఫున మొయిన్ నవాజ్ జంగ్ స్వతంత్ర రాజ్యపు హక్కులను గూర్చి మాటలాడినారు. ఏ ప్రభుత్వము క్రింద కడవెండివారికి తమ గొఱ్ఱెపై హక్కు లేకపోయెనో ఆ ప్రభుత్వము వినిపించిన హక్కుల వాదమది. భారతదేశము తరఫున రామస్వామి మొదలియారు హైదరాబాదు ప్రత్యేక రాజ్యమే కాదని, మండలికి అధికారము లేదని వాదించినారు. దక్షిణాఫ్రికా నోట వినివచ్చిన ఇంటి వ్యవహారమను మాట ఇప్పుడు మనకును అక్కరకు వచ్చినది. కొలది దినములలో నిజాము తన ఫిర్యాదును ఉపసంహరించుకొన్నాడు.

ఆ సభలో వెట్టి చేసినవారి పక్షమున నిలిచిన ప్రతినిధి లేడు. సైనికచర్య వెనుక జరిగిన మారణకాండలో ప్రాణములు కోల్పోయిన ముస్లిముల పక్షమునను ఎవరును లేరు. దానిని విచారించిన పండిత్ సుందర్‌లాల్ సంఘము ఇరువదియేడు వేలనుండి నలువది వేల వరకు జనము చనిపోయిరని అంచనా వేసినది. ఆ నివేదిక 2013 వరకు ప్రజల చేతికి రాలేదు. కొమరయ్య తోడివారైన రైతులపై అవే సేనలు 1951 అక్టోబరులో పోరాటము విరమింపబడునంతవరకు దాడులు సాగించినవి.

అదే పారిస్‌లో 1948 డిసెంబరు 10న సార్వజనీన మానవ హక్కుల ప్రకటన ఆమోదము పొందినది. 48 దేశములు అనుకూలముగా ఓటు వేసినవి; వ్యతిరేకించినవారు లేరు; దక్షిణాఫ్రికా, సౌదీ అరేబియా, సోవియట్ కూటమి మొదలైన 8 దేశములు తటస్థముగా ఉన్నవి. ఏ మనుష్యుని దాస్యములో ఉంచరాదని దాని 4వ అధికరణము చెప్పుచున్నది. తరువాత నిర్బంధ శ్రమను విచారించుటకు 1951 లో ఏర్పడిన అంతర్జాతీయ సంఘమునకు అధ్యక్షులైనవారు ఆ రామస్వామి మొదలియారే. కాని ఆ విచారణ శీతల సమరమున చిక్కుకొన్నది. అమెరికా పక్షమునకు సోవియట్ శ్రమశిబిరములు కనిపించినవి. సోవియట్ పక్షమునకు వలసరాజ్యములు కనిపించినవి. ఎదుటివాని పెరటిలోని వెట్టిని చూపుట సులభము.

అంతమాత్రముచే ఆ ప్రకటనలు వ్యర్థములని అనుకొనరాదు. 1950 జనవరి 26న అమలునకు వచ్చిన భారత రాజ్యాంగము 23వ అధికరణమున వెట్టిని నిషేధించినది. నిర్బంధ శ్రమను గూర్చిన 1930 నాటి అంతర్జాతీయ ఒడంబడికను భారతదేశము 1954 లో అంగీకరించినది. రాజ్యములు స్వార్థముకొరకు పలికిన మాటయైనను, ఒకసారి కాగితముపైకి ఎక్కిన పిమ్మట బలహీనుడు దానిని చూపి ప్రశ్నింపవచ్చును. కాని ప్రశ్నించువాడు ఉన్నప్పుడే దానికి విలువ. నిజాము ఉత్తర్వు ఉండియు, అడుగువారు లేనంతకాలము కడవెండి మందలు గడీకి పోవుచునే ఉండెను.

తేదీలను వరుసగా పెట్టి చూచినచో కడవెండి వెట్టిని మానినది 1946 లో; పారిస్ ప్రకటన వచ్చినది 1948 లో; రాజ్యాంగ నిషేధము 1950 లో; అంతర్జాతీయ ఒడంబడికపై సంతకము 1954 లో. కొమరయ్య వీనిలో వేనిని చూడలేదు. ఆయన అడిగినది తన మంద తనదని, తన రెక్కల కష్టమునకు కూలి ఇమ్మని మాత్రమే. కడవెండిలో ఆయన స్మారకస్థూపము ఉన్నది. ఏటేట జూలై 4న ఆ యువకుని జనము స్మరించుచున్నారు.