మనుషుల తీరులు చదివిన మనిషి: కార్ల్ గుస్తావ్ యూంగ్

పదిమంది కలిసి ఒక పని తలపెడితే మొదటి వారం ఉత్సాహం, రెండో వారం వాదం, మూడో వారం అలక. ఇది మన విద్యార్థి సంఘంలో పనిచేసిన ప్రతివారికీ అనుభవమే. నిరుడు సంచిక కమిటీలో నేనూ ఒకణ్ణి. నాది వాగుడుకాయ స్వభావం. నలుగురిలో మాట్లాడుతుంటేనే నాకు ఆలోచన పుడుతుంది. నాతో కలిసి పనిచేసిన మిత్రుడు దీనికి పూర్తిగా విరుద్ధం. మీటింగులో గంటసేపు కూర్చున్నా పెదవి విప్పడు. మర్నాడు పొద్దున మాత్రం సన్నని అక్షరాలతో నాలుగు పేజీలు రాసి తెచ్చి బల్లమీద పెట్టి వెళ్లిపోతాడు. అప్పటికి నిర్ణయాలన్నీ అయిపోయి ఉండేవి కనుక ఆ కాగితాలు చదవకుండానే సొరుగులో పడేసేవాణ్ణి. ఒకనాడు అందరి ముందూ అతనికి గర్వమనీ, పనంటే శ్రద్ధ లేదనీ అనేశాను. అతను మారు పలకలేదు. సాయంత్రానికి రాజీనామా పంపించాడు. ఏ వ్యాసం ఎవరి దగ్గర ఉందో తెలిసిన ఒకే ఒక మనిషి అతను. పదిహేను రోజులు పని అంగుళం కదల్లేదు.

ఆ పదిహేను రోజుల్లోనే లైబ్రరీలో కార్ల్ గుస్తావ్ యూంగ్ జీవితం నా చేతికొచ్చింది. అంతర్ముఖుడు, బహిర్ముఖుడు అనే మాటలు మనమంతా వాడుతూనే ఉంటాం. వాటికి లోకంలో ఇంత ప్రచారం తెచ్చిన మనిషి ఎటువంటివాడు, ఆ ఆలోచన ఆయనకు ఎక్కణ్ణించి వచ్చింది అని నేనెప్పుడూ అడగలేదు. చదివాక తెలిసిందేమిటంటే, అది తీరిగ్గా కూచుని కట్టిన సిద్ధాంతం కాదు. ఒక స్నేహం విరిగిన చోట పుట్టింది.

యూంగ్ 1875 జూలై 26న స్విట్జర్లాండులో కాన్‌స్టాన్స్ సరస్సు ఒడ్డున ఉన్న కెస్‌విల్ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి ప్రొటెస్టెంటు మతగురువు. చెల్లెలు పుట్టేవరకు తొమ్మిదేళ్లు ఇంట్లో ఒక్కడే పిల్లవాడు. తనతో తానే ఆడుకోవడం, తన రహస్యాలు తానే దాచుకోవడం అప్పుడే అలవాటయింది. తనలో ఇద్దరు మనుషులు ఉన్నారని ఆ వయసులోనే అనుకునేవాడట. ఒకరు బడికి వెళ్లే కుర్రవాడు, మరొకరు ఎప్పటి కాలానికో చెందిన పెద్దమనిషి.

పన్నెండో ఏట తోటి విద్యార్థి ఒకడు తోసేస్తే రోడ్డు అంచు రాతికి తల తగిలింది. ఇక బడికి పోనక్కరలేదన్న ఊహ ఆ క్షణంలోనే మెరిసింది. అప్పటి నుంచి పుస్తకం ముట్టుకుంటే మూర్ఛ. ఆరు నెలల పైచిలుకు చదువు ఆగిపోయింది. ఒకరోజు తండ్రి ఎవరో స్నేహితుడితో తన బాధ చెప్పుకోవడం చాటుగా విన్నాడు. ఉన్న కాస్త డబ్బూ ఖర్చయిపోయింది, వీడు తన కాళ్లమీద తాను నిలబడలేకపోతే గతేమిటని ఆ తండ్రి దిగులు. కుర్రవాడు తిన్నగా వెళ్లి లాటిన్ వ్యాకరణం తెరిచాడు. మూర్ఛ వచ్చింది. తేరుకుని మళ్లీ చదివాడు. మళ్లీ వచ్చింది. మళ్లీ చదివాడు. కొద్ది వారాల్లో బడికి తిరిగి వెళ్లాడు. మనసు మనిషిని ఎలా మోసం చేయగలదో ఆయనకు మొదటి పాఠం ఏ ప్రొఫెసరూ చెప్పలేదు.

1895లో బాసెల్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్యకు చేరాడు. మరుసటి ఏడే తండ్రి పోయాడు. బంధువుల దగ్గర అప్పు చేసి చదువు సాగించాడు. మన సంచిక పాఠకులకు ప్రత్యేకంగా చెప్పవలసిన విషయం ఒకటుంది. యూంగ్ విద్యార్థి సంఘం మనిషి! త్సోఫింగియా అనే విద్యార్థి సంఘంలో చేరి, దాని బాసెల్ శాఖకు అధ్యక్షుడయ్యాడు. అక్కడ ఆయన చేసిన ఉపన్యాసాలు తర్వాతి కాలంలో పుస్తకంగా వచ్చాయి. ఒంటరిగా పెరిగిన ఆ కుర్రవాడు సభలో లేచి వాదిస్తుంటే హోరెత్తిపోయేదట. అంతర్ముఖుడంటే నోరు లేనివాడు అనుకునేవారు ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

1900లో జూరిచ్‌లోని బుర్గ్‌హోల్జ్‌లి మానసిక వైద్యశాలలో ఆయిగన్ బ్లాయిలర్ దగ్గర సహాయకుడిగా చేరాడు. అక్కడ ఆయన చేసిన పదసంసర్గ పరీక్షలు పేరు తెచ్చాయి. వంద మాటలు ఒక్కొక్కటే చదువుతారు. ప్రతి మాటకూ ఎదుటివాడు వెంటనే మనసుకు తట్టిన మాట చెప్పాలి. వైద్యుడు స్టాప్‌వాచీ పట్టుకుని సమయం కొలుస్తాడు. ఏ మాట దగ్గర జవాబు తడబడిందో అక్కడ లోపల ముల్లు ఉందన్నమాట. జవాబులో కంటె ఆలస్యంలో ఎక్కువ అర్థం ఉంటుందని యూంగ్ గ్రహించాడు. ఇక్కడికి వచ్చేసరికి నాకు మా మిత్రుడి మౌనం గుర్తొచ్చి పుస్తకం మూసేశాను. చెప్పొద్దూ, కాస్త సిగ్గేసింది.

ఈ పరిశోధనల వల్లనే వియన్నాలోని సిగ్మండ్ ఫ్రాయిడ్‌తో పరిచయం కలిగింది. 1907లో మొదటిసారి కలిసినప్పుడు ఇద్దరూ పదమూడు గంటలపాటు మాట్లాడుకున్నారని ప్రతీతి. ఫ్రాయిడ్ ఆయనకంటె పందొమ్మిదేళ్లు పెద్ద. యూంగ్‌ను వారసుడుగా భావించాడు. 1909లో ఇద్దరూ కలిసి అమెరికా వెళ్లారు. 1910లో అంతర్జాతీయ మనోవిశ్లేషణ సంఘం ఏర్పడితే దానికి మొదటి అధ్యక్షుడు యూంగే. కాని భేదాలు ముదిరాయి. అందరూ అంగీకరించి తీరాలని గురువు, నా చూపు నాదేనని శిష్యుడు. 1913 జనవరిలో ఫ్రాయిడ్ ఉత్తరం రాసి వ్యక్తిగత సంబంధం తెంచుకున్నాడు. ఆ సెప్టెంబరులో మ్యూనిక్ మహాసభలో ఇద్దరూ ఆఖరిసారి ఒకే కప్పు కింద కూర్చున్నారు. ఆ సభలో యూంగ్ చేసిన ప్రసంగం మనుషుల మనస్తత్వ రకాల గురించే!

ఆయనను వేధించిన ప్రశ్న ఇది. రోగి ఒక్కడే. ఫ్రాయిడ్ చూస్తే కామం కనబడుతుంది. అంతకు ముందే విడిపోయిన ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్ చూస్తే అధికార కాంక్ష కనబడుతుంది. ఇద్దరూ తెలివైనవాళ్లే, ఇద్దరి వివరణా అతుకుతుంది. మరి తేడా ఎక్కడుంది? రోగిలో కాదు, చూసేవాడి చూపులో. ఒక చూపు బయటి మనుషుల మీదికి, వస్తువుల మీదికి పోతుంది. మరొకటి ముందు తనలోకి తిరుగుతుంది. యూంగ్ ఫ్రాయిడ్ సిద్ధాంతాన్ని మొదటి కోవలో, ఆడ్లర్ సిద్ధాంతాన్ని రెండో కోవలో చేర్చాడు.

తర్వాత కొన్నేళ్లు ఆయనకు గడ్డుకాలం. విశ్వవిద్యాలయంలో ఉపన్యాసక పదవి వదిలేశాడు. తన కలలతో, ఊహలతో తానే కుస్తీ పట్టాడు. 1915, 16లలో హన్స్ ష్మిడ్ అనే వైద్య మిత్రుడితో ఈ రకాల విషయమై ఉత్తరాలు నడిపాడు. యూంగ్ అంతర్ముఖుల పక్షం, ష్మిడ్ బహిర్ముఖుల పక్షం. ఒకరినొకరు అర్థం చేసుకోవడానికే మొదలుపెట్టిన ఆ ఉత్తరాలు ఏకాభిప్రాయం లేకుండానే ముగిశాయి. అయినా ఆ వాదం వృథా పోలేదు. 1921లో వెలువడిన మనస్తత్వ రకాల గ్రంథానికి అది ఎరువయింది.

ఆ గ్రంథం సారం క్లుప్తంగా చెబుతాను. వైఖరులు రెండు: అంతర్ముఖం, బహిర్ముఖం. మనసు పనిచేసే దారులు నాలుగు: ఆలోచన, అనుభూతి, ఇంద్రియ సంవేదన, స్ఫురణ. కళ్లెదుట ఉన్నది ఉన్నట్టు పట్టుకునేది సంవేదన. అదేమిటో తేల్చేది ఆలోచన. మనకు అది విలువైనదా కాదా చెప్పేది అనుభూతి. ఎక్కడికి దారి తీస్తుందో వాసన పట్టేది స్ఫురణ. నాలుగూ అందరిలో ఉంటాయి, ఒకటి ముందు నడుస్తుంది. రెండు నాలుగుల ఎనిమిది రకాలు. ఒక కమిటీలో లెక్కలు చూసేవాడు, కలలు కనేవాడు, తర్కించేవాడు, అలిగినవాణ్ణి బుజ్జగించేవాడు నలుగురూ కావాలి. ఒకడి బలం ఇంకొకడి లోపాన్ని కప్పుతుంది. తనకు లేనిది ఎదుటివాడిలో కనబడితే మనిషి దాన్నే ఎక్కువగా ఈసడించుకుంటాడు. చిక్కంతా అక్కడే.

ఈ గ్రంథాన్ని ఆధారం చేసుకుని అమెరికాలో కాథరిన్ బ్రిగ్స్, ఆమె కుమార్తె ఇసబెల్ మయర్స్ ఒక ప్రశ్నావళి తయారుచేశారు. కంపెనీల్లో ఉద్యోగులకు దాన్ని నేటికీ ఇస్తున్నారు. అయితే అదే మనిషి కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే వేరే రకంగా తేలవచ్చునని శాస్త్రజ్ఞుల విమర్శ ఉంది. నూటికి నూరుపాళ్లు అంతర్ముఖుడు గాని, బహిర్ముఖుడు గాని ఉండడని యూంగే భావించాడు. మనుషుల నొసట చీటీలు అంటించడం ఆయన ఉద్దేశం కాదు.

ఆ జాగ్రత్త ఆయనే తప్పిన సందర్భమూ ఉంది. 1933లో జర్మనీతో ముడిపడిన మానసిక చికిత్సకుల సంఘానికి అధ్యక్షత వహించి, యూదుల మనసు వేరు, జర్మనుల మనసు వేరు అనే ధోరణిలో రాశాడు. హిట్లరు పాలించే రోజుల్లో ఆ మాటలు ఎవరికి ఉపయోగపడతాయో ఆలోచించవలసింది. ఆయనను సమర్థించేవారు ఆయన యూదు సహచరులకు చేసిన సాయం చూపిస్తారు. ఆ సాయం నిజమే, ఆ తప్పూ నిజమే. వ్యక్తిని అర్థం చేసుకోవడానికి పుట్టిన భాషను జాతులకు అంటగడితే ఎంత ప్రమాదమో ఆయన జీవితమే చెబుతుంది.

భారత సైన్స్ కాంగ్రెస్ రజతోత్సవాల ఆహ్వానంపై 1937 చివర మన దేశానికి వచ్చాడు. అలహాబాదు, కాశీ, కలకత్తా విశ్వవిద్యాలయాలు గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి. ఇంత దేశం చూస్తూ కూడా వెంట తెచ్చుకున్న లావుపాటి లాటిన్ రసవాద గ్రంథం ఆ మొదటి నుంచి ఈ చివరి దాకా చదివేశాడట! బొలింగెన్‌లో సరస్సు ఒడ్డున రాతితో బురుజు కట్టుకుని, కరెంటు లేకుండా, కట్టెలు తానే కొట్టుకుంటూ ఏకాంతంలో గడిపేవాడు. 1961 జూన్ 6న క్యూస్‌నాక్ట్‌లోని ఇంట్లో కన్నుమూశాడు. ఫ్రాయిడ్‌తో స్నేహం మళ్లీ కలవనే లేదు. మనుషుల తీరులు అంతగా చదివినవాడు తన విరిగిన స్నేహాన్ని మాత్రం అతికించుకోలేకపోయాడు.

ఆ వాక్యం దగ్గర పుస్తకం మూసి మిత్రుడి గదికి వెళ్లాను. సొరుగులో పడి ఉన్న అతని కాగితాలన్నీ ముందు రాత్రే చదివాను. ప్రెస్సు ఆలస్యం మొదలు బొమ్మల బ్లాకుల ఖర్చు దాకా మాకు ఎదురైన ఇబ్బందులన్నీ అందులో ముందే రాసి ఉన్నాయి. తప్పు నాదని చెప్పాను. అతను చాలాసేపు ఏమీ అనలేదు. ఈసారి ఆ మౌనాన్ని నేను నింపలేదు. కమిటీలోకి తిరిగి రానన్నాడు. ప్రూఫులు మాత్రం దిద్దిపెడతానన్నాడు, దిద్దాడు. నా వ్యాసంలో రెండు పేరాలు అడ్డంగా కొట్టేశాడు. అవి కొట్టేయవలసినవే.

రాబోయే కార్యవర్గానికి నా మనవి ఒక్కటే. ఎజెండా రెండు రోజులు ముందుగా అందరికీ ఇవ్వండి. మాట్లాడేవాళ్లు మాట్లాడాక, మాట్లాడనివాళ్లు రాసి తెచ్చేదాకా ఒక రాత్రి ఆగి నిర్ణయం చేయండి. సొరుగులో కాగితాలుంటే చదవండి. ఒక మంచి మిత్రుణ్ణి కమిటీలోంచి పోగొట్టుకుని నేను నేర్చుకున్నది ఇంతే.