కలూగా పంతులు

కాన్‌స్టాంటిన్ సియోల్కోవ్‌స్కీ 1857లో రష్యాలోని ఇజేవ్‌స్కొయె గ్రామమున జన్మించినాడు. పదవ యేట వచ్చిన స్కార్లెట్ జ్వరము ఆయన వినికిడిని చాలవరకు హరించినది. పాఠము చెవికెక్కని బాలుడు బడిలో నిలువలేకపోయినాడు. పదునారవ యేట మాస్కో చేరి, మూడేండ్లు గ్రంథాలయమునే గురువుగా చేసికొని గణితము, భౌతికశాస్త్రము నేర్చినాడు. ఇంటినుండి వచ్చిన సొమ్ము పుస్తకములకు, ప్రయోగసామగ్రికి పోగా మిగిలినది రొట్టెకే సరిపోయెడిది.

అట్టివాడు పరీక్ష నెగ్గి ఉపాధ్యాయుడగుట విశేషమే. 1880 నుండి బొరోవ్‌స్క్‌లోను, 1892 నుండి కలూగాలోను పాఠములు చెప్పినాడు. రేకుతో తానే చేసికొన్న గరాటును చెవికానించుకొని ఎదుటివారి మాట వినెడివాడు. గాలిపటములు, వేడిగాలితో లేచు కాగితపు బుడగలు ఎగురవేయుట ఆయనకు కాలక్షేపము.

1903లో ప్రకటించిన వ్యాసములో రాకెట్టు వేగమునకు సూత్రము కట్టినాడు. చిక్కు అక్కడనే ఉన్నది. ఇంధనము రెట్టింపు చేసినంతమాత్రమున వేగము రెట్టింపు కాదు. ఖాళీయైన తొట్టి సయితము మోయవలసిన బరువే. డెబ్బది యేండ్లు దాటిన పిదప, 1929లో, విరుగుడు చూపినాడు. రాకెట్లను రైలుపెట్టెలవలె కూర్చి, ఇంధనము తీరినదానిని ఎప్పటికప్పుడు విడిచివేయవలెను.

నేడు మైదానములలో అట్టగొట్టములతో రెండంచెల నమూనా రాకెట్లు ఎగురవేయు ఔత్సాహికులు చేయునదియు ఇదియే. క్రింది అంచెలోని మందు కాలి ముగియునప్పటి నిప్పే పై అంచెను అంటించును. క్రింది గొట్టము రాలిపోవును. ఆయన ఊహలో మాత్రము ముందున్న రాకెట్టే మొదట మండి, తక్కినవానిని కొంతదూరము లాగి, ప్రక్కకు తొలగును.

1935లో ఆయన మరణించినాడు. తొలి కృత్రిమోపగ్రహము 1957లో అంచెల రాకెట్టుపైననే నింగికెగసినది. కలూగా పంతులు తన చేతులతో ఒక్క రాకెట్టునైనను నిర్మింపలేదు.