హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు

నాటకమునకు తెరలు, వేషములు, పాత్రధారులు పెక్కుమంది కావలెను. హరికథకు భక్తుడొక్కడు చాలునని నిరూపించిన మహనీయుడు శ్రీమదజ్జాడ ఆదిభట్ల నారాయణదాసు.

వారు 1864లో అజ్జాడ గ్రామమున జన్మించిరి. తలిదండ్రు లిడిన పేరు సూర్యనారాయణ. 1883లో విజయనగరమున కుప్పుస్వామినాయుడు చెప్పిన హరికథను విని, ముగ్ధులై, ధ్రువచరిత్రను స్వయముగా రచించి గానము చేసిరి. పిమ్మట అంబరీషచరిత్రము, గజేంద్రమోక్షము మొదలగునవి వెలసెను.

మెడలో పూలదండ, కాళ్ళకు గజ్జెలు, చేత చిడతలు: ఇంతియే సామగ్రి. ధ్రువుడు, సురుచి, నారదుడు ఆ యొక్క మూర్తియందే శ్రోతలకు సాక్షాత్కరించుచుండిరి. అష్టావధానములు చేసిన ఆ సంస్కృతాంధ్ర విద్వాంసుడు పండితసభలలోనే కీర్తి గడించి యుండవచ్చును. కాని అక్షరము నెరుగని వారికి సైతము భాగవతకథ అందవలెనని గజ్జె కట్టిరి. పాండిత్యమునకు అంతకు మించిన సార్థకత యేమున్నది?

1919లో నెలకొన్న విజయనగర సంగీత కళాశాలకు వారే ప్రథమాధ్యక్షులు. 1945లో పరమపదించిరి.

నాటకమును ప్రేక్షకుడు చూచి ఆనందించును. హరికథలో కథకుడు నామ మెత్తుకొనగా శ్రోతయు గోవిందా యని పలుకును. వినవచ్చినవాడు భక్తుడై యింటికి మరలును. దాసుగారు ఆంధ్రదేశమున కొసగిన భాగ్యమిదియే.