ఆక్స్‌ఫర్డ్ గుడిలో పది నెలలు

ఇంగ్లాండులోని ఆక్స్‌ఫర్డ్ నగరంలో 1875లో పునీత అలోషియస్ దేవాలయం ప్రారంభమైంది. జోసెఫ్ హాన్సమ్ దాని రూపశిల్పి. యేసు సభ గురువులు నడిపిన ఆ విచారణకు 1878 డిసెంబరులో సహాయ గురువుగా వచ్చారు ఫాదర్ జెరార్డ్ మాన్లీ హాప్కిన్స్. ఆ నగరంలోనే విద్యార్థిగా ఉండగా, తల్లిదండ్రులు ఎంత బాధపడినా, 1866లో ఆయన కతోలిక శ్రీసభలో చేరారు. ఆక్స్‌ఫర్డ్ విచారణలో ఉన్నది దాదాపు పది నెలలే. కౌలీ సైనిక శిబిరంలో బూర ఊదే ఒక కుర్ర సిపాయికి తొలి దివ్యసత్ప్రసాదం ఇచ్చి, ఆ ఆనందాన్ని కవితగా రాసుకున్నారు. 1889లో డబ్లిన్‌లో, 44 ఏళ్లకే, టైఫాయిడ్‌తో కన్నుమూశారు. ఆయన కవితా సంపుటి 1918లో గాని వెలువడలేదు. నేడు ఆంగ్ల సాహిత్యంలో ఆయన మహాకవి.

మన విచారణలకు వచ్చి నెలల్లోనే బదిలీ అయ్యే సహాయ గురువులను మనం ఇట్టే మరచిపోతాం. వారు నాటిన విత్తనం ఎప్పుడు మొలకెత్తుతుందో దేవునికే ఎరుక.