అమెరికా తొలి అడ్మిరల్ – డేవిడ్ ఫారగట్

అడ్మిరల్ అను మాటను మనము ఆంగ్లేయపు మాటగా నెరుగుదుము. దాని మూలము మాత్రము అరబ్బీ. మన దేశమున నవాబుల కొలువులలో అమీరు లుండెడివారు గదా! అధిపతి యని యర్థమిచ్చు ఆ అమీరు శబ్దమే మధ్యధరా సముద్రతీరములయందు ఓడల పెద్దకు బిరుదమై, పెక్కు జాతులవారి నాలుకలమీద నలిగి, తుదకు ఇంగ్లండు చేరి అడ్మిరల్ అయ్యెను.

1775లో ఇంగ్లండు రాజుపై తిరుగబడిన అమెరికా రాష్ట్రములు తమకొక నౌకాదళమును కూర్చుకొన్నప్పుడు ఓడల కట్టుబడి, క్రమశిక్షణ, కొలువు పద్ధతులు అన్నియు ఇంగ్లండును చూచియే నేర్చుకొనెను. ఈ యొక్క బిరుదమును మాత్రము ముట్టలేదు. అది రాజులును ప్రభువులును గల దేశములకే తగినదనియు, ప్రజాపాలనమునకు తగదనియు కాంగ్రెసను వారి శాసనసభలో పెక్కుమంది తలచిరి. కావున కప్తానే వారి నౌకాదళమున అత్యున్నతుడు. కొన్ని ఓడలకు కలిపి నాయకుడైన కప్తానును మర్యాదకు కొమొడోరని పిలిచెడివారు. ఆ పని తీరగానే అతడు మరల కప్తానే. స్వాతంత్ర్య యుద్ధమున మిక్కిలి పేరుగాంచిన జాన్ పాల్ జోన్సు సైతము స్వదేశమున ఆ పదవిని పొందజాలక, 1788లో రష్యా చక్రవర్తిని కాథరిన్ కొలువున రియర్ అడ్మిరల్ అయ్యెను. విదేశపు రేవులలో ఏ చిన్నరాజ్యపు అడ్మిరల్ ఎదురైనను అమెరికా కప్తాను మర్యాదలలో వెనుక నిలువవలసి వచ్చెడిది. అయినను ఎనుబదియేండ్లకు పైగా కాంగ్రెసు తన పట్టు విడువలేదు. ఆ పట్టును విడిపించి, ఆ బిరుదమును మొదట ధరించినవాని చరిత్రమే యిది.

డేవిడ్ ఫారగట్ 1801వ సంవత్సరము జూలై 5వ తేదీన టెనెసీ రాష్ట్రమున నాక్స్‌విల్ సమీపమందు జన్మించెను. తలిదండ్రు లిడిన పేరు డేవిడ్ కాదు, జేమ్సు. తండ్రి జార్జి ఫారగట్ స్పెయిను చెంత నున్న మినోర్కా ద్వీపమునుండి వలసవచ్చి, అమెరికా స్వాతంత్ర్యమునకై పోరాడిన నావికుడు. 1807లో ఆ కుటుంబము మిసిసిపీ నదీముఖమునకు చేరువనున్న న్యూ ఆర్లియన్సు పట్టణమునకు వచ్చెను. అచట నొకనాడు సరస్సులో చేపలు పట్టుచుండిన వృద్ధు డొకడు వడదెబ్బ తగిలి పడిపోగా, జార్జి అతనిని తన యింటికి గొనివచ్చి పరిచర్య చేయించెను. ఆ వృద్ధుడు కోలుకొనలేదు. 1808 జూనులో అతడు మరణించిన దినములలోనే, ఆ యింటి యిల్లాలు, మన కథానాయకుని తల్లి, పచ్చజ్వరముతో కన్నుమూసెను. వృద్ధుని కుమారుడు డేవిడ్ పోర్టరు నౌకాదళమున నధికారి. తన తండ్రికి జరిగిన సేవకు కృతజ్ఞుడై, తల్లిలేని ఆ బిడ్డలలో నొకనిని తాను పెంచుకొందునని యడిగెను. ఎనిమిదేండ్ల జేమ్సు అతనివెంట వెడలెను. కొన్నియేండ్లకు పెంపుడుతండ్రి పేరునే తన పేరుగా స్వీకరించెను.

తొమ్మిదవయేటనే, 1810 డిసెంబరులో, ఆ బాలుడు మిడ్‌షిప్మనుగా కొలువున చేరెను. 1812లో ఇంగ్లండుతో యుద్ధము రాగా పోర్టరు కప్తాను ఎసెక్సు అను ఓడను కేప్ హారన్ చుట్టి పసిఫిక్ మహాసముద్రమునకు నడిపి, అచటి ఆంగ్లేయ తిమింగలపు ఓడలను వరుసగా పట్టుకొనెను. పట్టుబడిన ఓడలు పెక్కయి, వానిని నడుపుటకు అధికారులు చాలకపోగా, బార్క్‌లే అను నొక ఓడను వాల్పరైజో రేవునకు చేర్చు భారము ఫారగట్టునకు వచ్చెను. అప్పటి కతని వయస్సు పండ్రెండేండ్లు, మన పాఠశాలలో ఏడవ తరగతి బాలుని యీడు! ఆ ఓడ పూర్వపు కప్తాను ముసలివాడు, కోపిష్ఠి. ఈ పసివాని యాజ్ఞకు లోబడనని భీషణముగా పలికి, తుపాకులకై లోపలి గదికి దిగిపోయెను. బాలుడు లోలోపల వణకుచునే తెరచాప యెత్తుమని నావికులకు ఆజ్ఞయిచ్చెను. ఆ పెద్దమనిషి తుపాకులతో పైకి వచ్చెనేని సముద్రమున పడవేయబడునని కబురంపెను. నావికు లాతని మాటనే వినిరి. ఓడ చేరవలసినచోటికి చేరెను.

1814 మార్చి 28వ తేదీన వాల్పరైజో యెదుట రెండు ఆంగ్లేయ యుద్ధనౌకలు ఎసెక్సుపై బడెను. ఆ పోరున ఎసెక్సులోనివారిలో సగముకంటె నెక్కువమంది చచ్చుటయో, గాయపడుటయో, కనబడకపోవుటయో జరిగెను. ఫారగట్టు చెరపట్టబడి శత్రువుల ఓడపై ఏడ్చుచు నిలుచుండగా, ఆంగ్లేయ బాలాధికారి యొకడు ఎసెక్సు వారు పెంచుకొనిన పందిపిల్లను చంకనిడుకొని పోవుచు కనబడెను. దానిపేరు మర్ఫీ. అది తమదని ఫారగట్టు పట్టుకొనెను. యుద్ధమున దొరకిన సొత్తని రెండవవాడు బిగించెను. పెద్దలు చుట్టునుజేరి పిడిగ్రుద్దులతో తేల్చుకొనుడని తీర్పుచెప్పిరి. ఫారగట్టు గెలిచి పందిపిల్లను దక్కించుకొనెను. మహాపురుషుల చరిత్రలలో నిట్టివి వ్రాయదగునా యని కొంద రడుగవచ్చును. ఏడ్చుచున్న బాలుడు కన్నీరు తుడుచుకొనిన తీరు తెలియుటకు వ్రాసితిని.

బడిచదువు అతనికి చక్కగా దొరకలేదు. ఆ కొరతను తీర్చినవాడు చార్లెసు ఫోల్సమ్ అను నొక గురువు. వాషింగ్టను అను ఓడలో చాప్లెనుగా నుండిన ఆయన 1817లో ట్యూనిసునకు అమెరికా ప్రతినిధిగా పోవుచు, తన శిష్యుని వెంటబెట్టుకొని పోవుటకు సెలవు సంపాదించెను. అచట సుమారు తొమ్మిది నెలలు గణితమును, సాహిత్యమును, భాషలను నేర్పెను. ఆ యువకుడు పిమ్మట ఫ్రెంచి, ఇటాలియను, స్పానిషు, అరబ్బీ భాషలలో మాటలాడ నేర్చెను. అచటనే వడదెబ్బ తగిలి అతని కన్నులు జీవితాంతము బలహీనము లయ్యెను. కాని ఒక్క గురువు ఒక్క శిష్యునికై వెచ్చించిన ఆ తొమ్మిది నెలలు వ్యర్థము కాలేదు. ఉపాధ్యాయవృత్తిలో నున్నవాడను గనుక ఈ యొక్కమాట విడువలేకపోతిని.

తరువాతి నలుబదియేండ్లు వేగముగా చెప్పదగినవి. 1825లో లెఫ్టినెంటు, 1841లో కమాండరు, 1855లో కప్తాను. మొదటి భార్య సూసాను దీర్ఘరోగముతో మంచము పట్టగా 1840లో ఆమె మరణించువరకు స్వయముగా సేవచేసెను. 1843లో వర్జీనియా లాయల్ అను నామెను వివాహమాడెను. 1854 మొదలు కాలిఫోర్నియాలో మేర్ ఐలండు నౌకాశాలను నెలకొల్పెను. అరువదియేండ్లు నిండబోవుచుండ, అతని పేరు కొలువులోనివారికి తప్ప ఇతరులకు తెలియదు.

అంతలో 1861వ సంవత్సరము వచ్చెను. నీగ్రోలను బానిసలుగా నుంచుకొను పద్ధతిని విడువనొల్లని దక్షిణరాష్ట్రములు ఐక్యరాజ్యమునుండి విడిపోయి వేరు ప్రభుత్వమును స్థాపించుకొనెను. ఫారగట్టు దక్షిణాదిన పుట్టి పెరిగినవాడు. ఇద్దరు భార్యలును వర్జీనియాలోని నార్‌ఫోకు పట్టణపువారు. ఇల్లు, బంధువులు, స్నేహితులు అచటనే. ఏప్రిల్ 17వ తేదీన వర్జీనియా విడిపోవుటకు తీర్మానించెను. మరునాటి యుదయమున ఊరిపెద్దలు కూడియున్నచోట ఫారగట్టు ఆ తీర్మానము తనకు సమ్మతము కాదనెను. అట్టి తలంపులు గలవా డీయూర నివసింపజాలడని వారనిరి. అట్లైన తాను నివసింపగల చోటికే పోదునని యతడు బదులు చెప్పెను. ఇంటికివచ్చి, తాను తొమ్మిదవయేట చేపట్టిన జెండాను విడువజాలననియు, ఆమె తనవారితో నుండిపోదలచిన నుండవచ్చుననియు భార్యకు తెలిపెను. ఆమె తానును వచ్చెదననెను. ఆ సాయంకాలమే వారు కుమారునితో ఓడనెక్కి ఊరువిడిచిరి.

ఇంతచేసి ఉత్తరాదికి పోయినవానికి అచట స్వాగతము లభించినదా? లేదు. దక్షిణాదివాడు, నమ్మవచ్చునా యను సందేహము. హడ్సను నదీతీరపు గ్రామమున అతడు నెలలకొలది ఎదురుచూచెను. ముసలి అధికారులకు విశ్రాంతినిచ్చు విషయమును విచారించు సంఘమున పని దొరకెను. ఇటుదిక్కున వదలివచ్చినవారు ద్రోహియనుచుండ, అటుదిక్కున చేరినవారు అనుమానింపగా, ఆ నెలలు గడుపుట యుద్ధముకంటె కష్టమని నా తలంపు. తుదకు, అతని పెంపుడుతండ్రి కుమారుడు డేవిడ్ డిక్సను పోర్టరు వచ్చి అతని మనస్సు కనుగొనిపోయిన పిమ్మట, 1862 ఆరంభమున హార్ట్‌ఫోర్డు ఓడపై జెండా నెత్తుకొని మెక్సికో సింధుశాఖకు పయనమయ్యెను. పట్టుకొనవలసిన పట్టణము న్యూ ఆర్లియన్సు. తాను పెరిగిన ఊరు, తల్లి మరణించిన ఊరు.

నదికి రెండుప్రక్కల రెండు కోటలు, నడుమ గొలుసుతో బిగించిన పాతయోడల అడ్డుకట్ట. ఆరుదినములు పోర్టరు ఫిరంగులు కోటలపై గుండ్లు కురిపించినను అవి లొంగలేదు. ఏప్రిల్ 24వ తేదీన తెల్లవారకమునుపే ఫారగట్టు 17 ఓడలతో చీకటిలో కోటలనడుమ దూరిపోవ సాహసించెను. మండుచున్న తెప్ప హార్ట్‌ఫోర్డునకు తగిలి మంటలు తెరచాపత్రాళ్ళ నంటెను. అవి ఆర్పబడెను. పెక్కు ఓడలు దాటెను. కొలదిదినములలోనే దక్షిణరాష్ట్రముల కెల్ల పెద్దదైన ఆ పట్టణము స్వాధీనమయ్యెను.

ఆ వేసవిలోనే, 1862 జూలై 16వ తేదీన, కాంగ్రెసు రియర్ అడ్మిరల్ పదవిని సృజించు శాసనము చేసెను. వందలకొలది ఓడలకు పెరిగిన నౌకాదళమునకు కప్తానులు మాత్రమే చాలరని అప్పటికి తెలిసివచ్చెను. ఆ జాబితాలో మొదటిపేరు ఫారగట్టుది.

తరువాత అతనికి అపజయములు లేకపోలేదు. ఆ వేసవిలో విక్స్‌బర్గు లొంగలేదు. 1863 మార్చిలో పోర్టు హడ్సను కోటను దాటబోగా హార్ట్‌ఫోర్డును, దానితో కట్టబడిన చిన్న ఓడయు మాత్రమే దాటెను. మిసిసిపీ అను పెద్ద ఓడ కాలిపోయెను. ఆ కాలిన ఓడలో రెండవ యధికారిగా నుండిన జార్జి డ్యూయీ అను యువకుని చదువరులు గుర్తుంచుకొనవలెను.

1864 ఆగస్టు 5వ తేదీన మొబీలు అఖాతమున అతని పెద్దపరీక్ష జరిగెను. నాలుగు ఉక్కుతొడుగు ఓడలు ముందు, పదునాలుగు కొయ్య ఓడలు జంటలుజంటలుగా కట్టబడి వెనుక. జలమార్గమున శత్రువులు మందుగుండు పీపాలను నీటిమాటున నిలిపియుంచిరి. వానినే ఆ కాలమున టార్పీడోలనిరి. పొగ దట్టమైనకొలది దాని పైనుండి చూచుటకై ఫారగట్టు తెరచాపకొయ్య త్రాళ్ళమీద మెట్టుమెట్టుగా నెక్కెను. పడిపోవునేమోయని కప్తాను డ్రేటను ఒక నావికునిచేత త్రాటితో అతనిని కట్టించెను. అంతలో టెకమ్సే అను ఉక్కుఓడ పీపాకు తగిలి, రెండుమూడు నిమిషములలో తొంబదిమందికి పైగా జనముతో మునిగిపోయెను. దాని కమాండరు క్రేవెను నిచ్చెనకడ తన మార్గదర్శికి ముందుదారి యిచ్చి తాను మునిగిపోయెను. ముందున్న బ్రూక్లిను ఓడ ఆగి వెనుకాడెను. వెనుక ఓడలు క్రిక్కిరిసెను. కోట ఫిరంగులు ఆగలేదు. ఆ క్షణమున ఫారగట్టు పలికినట్లు లోకము చెప్పుకొను వాక్యము చాలయేండ్లకు గాని అచ్చుకెక్కలేదు. అతడట్లే పలికెనా యని చరిత్రకారులు వాదింతురు. చేసినదానిలో మాత్రము వాదము లేదు. హార్ట్‌ఫోర్డును ప్రక్కకు త్రిప్పి టార్పీడోల వరుసమీదుగా నడిపించెను. ఓడ అడుగున వాని మీటలు టకటకలాడుట క్రిందివారికి వినబడెనట. నీటిలో నానిన మందు పేలలేదు. తక్కిన ఓడలు వెంబడించెను.

లోపల శత్రువుల ఉక్కుఓడ టెనెసీ, అడ్మిరల్ ఫ్రాంక్లిను బుకానను అధీనమున, ఒంటరిగా అందరిని ఎదిరించెను. దక్షిణ ప్రభుత్వమువారి నౌకాదళమున పూర్తి అడ్మిరల్ పదవి పొందినవాడు బుకానను ఒక్కడే. ఒకప్పుడు అతడు అమెరికా నౌకావిద్యాలయమునకు ప్రథమాధ్యక్షుడు. తన మేరీలాండు రాష్ట్రము విడిపోవునని తలచి కొలువు మానెను. అది విడిపోకపోగా మరల చేరుదుననెను, చేర్చుకొనలేదు. అదే సంవత్సరమున అదే ప్రశ్న యెదురైన ఇద్దరు వృద్ధులు ఇచట ఫిరంగులతో కలిసికొనిరి. బుకానను కాలువిరిగి లొంగిపోయెను. హార్ట్‌ఫోర్డుపై 25 మంది మృతులు వరుసగా పరుండియుండుట చూచి ఫారగట్టు కన్నీరు కార్చెను. ఆ ఓడపై కాలికి గాయము తగిలియు తన స్థానము విడువని నల్లజాతి నావికుడు జాన్ లాసనుకు పిమ్మట మెడల్ ఆఫ్ ఆనర్ అను అత్యున్నత శౌర్యపతకము లభించెను.

1864 డిసెంబరులో కాంగ్రెసు వైస్ అడ్మిరల్ పదవిని సృజించి అతని కిచ్చెను. 1866 జూలై 25వ తేదీన, పూర్వులు భయపడిన ఆ బిరుదమును పూర్ణముగా, అడ్మిరల్ అను పేరుతోనే యొసగెను. 1867లో ఐరోపా పర్యటనమున తండ్రి జన్మభూమియైన మినోర్కాకు పోగా, సియుదడేలా పురజనులు తమ పౌరునిగా గౌరవించిరి. 1870 ఆగస్టు 14వ తేదీన పోర్ట్స్‌మత్ నగరమున అతడు మరణించెను.

పిదప ఆ పదవి పోర్టరునకు వచ్చి, 1891లో అతనితోనే యాగిపోయెను. బ్రదికియున్న వీరునికే గాని శాశ్వతముగా ఉంచుటకు కాంగ్రెసు ఒప్పలేదు. 1898లో మనీలా అఖాతమున గెలిచిన జార్జి డ్యూయీకై దానిని మరల తెరచి, నౌకాదళపు అడ్మిరల్ అను ప్రత్యేకబిరుదము నిచ్చిరి. అతని తరువాత దాని నెవరును పొందలేదు. రెండవ ప్రపంచయుద్ధమున, 1944 డిసెంబరులో, ఐదు నక్షత్రముల ఫ్లీట్ అడ్మిరల్ పదవి యేర్పడెను. లేహీ, కింగ్, నిమిట్జు, మరుసటియేట హాల్సీ, ఈ నలువురే దానిని ధరించినవారు. 1966లో నిమిట్జు మరణించినది మొదలు ఆ పదవి ఎవరికిని ఇయ్యబడలేదు.

హార్ట్‌ఫోర్డు ఓడ పాతబడి, 1956లో, ఫారగట్టు ఒక సాయంకాలమున విడిచివచ్చిన ఆ నార్‌ఫోకు రేవులోనే మునిగిపోయెను. దాని చోదకచక్రపు కంచును కరగించి పోసిన ఫారగట్టు విగ్రహము 1881 మొదలు వాషింగ్టను నగరమున నిలిచియున్నది.