కొలబద్దకు అందని నటుడు ఎస్.వి. రంగారావు

భద్రాచలమునకు సుమారు 35 కిలోమీటర్ల దూరమున, గోదావరి యొడ్డున పర్ణశాల కలదు. సీతాదేవి నారచీర ఆరవేసిన గుర్తులని ఒకచోట, రావణుని రథము నిలిచిన గుట్ట యని మరియొకచోట స్థానికులు యాత్రికులకు చూపుదురు. ఆ గుట్టను చూచిన విద్యార్థికి రావణుడెంత పొడగరియో అను సందేహము కలుగుట సహజము. అంగుళముల లెక్క దొరకకున్నను తెలుగువారి మనసులో ఆ ప్రశ్నకు ఒక రూపము సిద్ధముగానే యున్నది. బాపు దర్శకత్వము వహించిన ‘సంపూర్ణ రామాయణము’ చిత్రములో రావణ పాత్ర ధరించిన సామర్ల వెంకట రంగారావు రూపమది. అయితే ఆ రంగారావు ఎత్తు ఎంత? వెండితెరను చూచి ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుట కష్టము. ఎందువలన కష్టమో ఆయన జీవితమే బోధించును.

రంగారావు 1918 జూలై 3న కృష్ణా జిల్లా నూజివీడులో జన్మించినారు. కాకినాడలో యంగ్ మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకములలో పాల్గొని నటనకు పునాది వేసికొన్నారు. తరువాతి కాలమున ప్రసిద్ధురాలైన అంజలీదేవి కూడ ఆ క్లబ్బు రంగస్థలము నుండి వచ్చినవారే. పట్టభద్రులైన పిదప రంగారావు అగ్నిమాపక శాఖలో ఉద్యోగము చేసినారు. అట్టి కొలువులలో మనిషిని గోడకు ఆనించి నిలిపి ఎత్తు కొలుతురు. ఆయన తరువాత చేరిన సినిమా కొలువులో ఆ పద్ధతి లేదు. అచ్చట కొలబద్ద కెమెరాయే. అది పాత్రను బట్టి సాగును, పాత్రను బట్టి కుదించుకొనును.

1947 నాటి ‘వరూధిని’ చిత్రములో ఆయన కథానాయకుడగు ప్రవరుని పాత్ర ధరించినారు. చిత్రము విజయము పొందలేదు. అవకాశములు రాక, ఆయన జంషెడ్‌పూరు వెళ్లి టాటా సంస్థలో ఉద్యోగమున చేరవలసి వచ్చినది. విగ్రహము చక్కగా నున్నంత మాత్రమున నటునికి అన్నము దొరకదని అంతకంటె స్పష్టముగా తెలియజేయు ఘట్టము లేదు. మరల మద్రాసు చేరి ‘మన దేశము’లో ఒక చిన్న వేషము వేసినారు. 1950లో ‘షావుకారు’ చిత్రములో సున్నం రంగడుగా కనిపించి ప్రేక్షకులను భయపెట్టినారు. 1951లో ‘పాతాళభైరవి’లో నేపాళ మాంత్రికుడైనారు. దానితో ఆంధ్రదేశమంతటా ఆయన పేరు మారుమ్రోగినది. ప్రవరునికిని మాంత్రికునికిని నడుమ గడచినవి నాలుగేండ్లు. ఆ వయసున మనిషి ఆ నాలుగేండ్లలో అంగుళమైనను పెరగడు. కాని ప్రేక్షకుని కంటికి ఆయన ఎన్నో రెట్లు పెరిగినారు.

ఈ పెరుగుదలలో కొంత యంత్రము చేయు పని. కెమెరాను నేలకు దగ్గరగా నుంచి పైకి చూపినచో మనిషి తాటిచెట్టు వలె కనిపించును. ఎత్తు నుండి క్రిందికి చూపినచో కుంగిపోవును. కెమెరాకు రెండడుగులు దగ్గరగా నిలుచున్నవాడు వెనుకనున్న వానికంటె పెద్దవాడుగా తోచును. ఇద్దరు నటుల ముఖములు ఒకే చట్రములో ఇముడవలెనన్న పొట్టివానిని పీట మీద నిలుపుదురు. చిత్రము నడుము వరకే తీసినచో ఆ పీట ఎవరి కంటను పడదు. పౌరాణిక చిత్రములలో కిరీటము, భుజకీర్తులు, ఎత్తు మడమల పాదరక్షలు చేరును. సెట్టులోని ద్వారబంధము చిన్నదైన కొలది దాని క్రింద నిలిచినవాడు పెద్దవాడగును. ఇక ప్రచారపత్రములలోని అంకెలను నమ్ముట ఇంకను కష్టము. కెమెరా మాట అటుంచినను, మనిషి ఎత్తు ఉదయము లేచినప్పటికంటె సాయంకాలమునకు సుమారు ఒక సెంటీమీటరు తగ్గును. వార్ధక్యమున మరికొంత తగ్గును.

అయినను యంత్రము చేయలేని పని ఒకటి కలదు. 1957లో కె.వి. రెడ్డి దర్శకత్వమున, మార్కస్ బార్‌ట్లే ఛాయాగ్రహణముతో వెలువడిన ‘మాయాబజార్’ దానికి సాక్ష్యము. అందు ఘటోత్కచుడు రంగారావే. కథలో ఆ ఘటోత్కచుడు మాయచే శశిరేఖ రూపము దాల్చును. అప్పుడు తెర మీద నున్నది సావిత్రి. అయినను ఆమె నడకలోని విసురును, కనుబొమల కదలికను చూచిన ప్రేక్షకునికి లోపల నున్నది రాక్షసుడేయని తెలిసిపోవును. రంగారావు దేహము అచ్చట లేదు; ఆయన సృష్టించిన నడక, చూపు, ఠీవి మాత్రమే ఉన్నవి. ఆ ఆకారము కండలలో గాక అభినయములో నున్నదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

1963లో విడుదలైన ‘నర్తనశాల’లో ఆయన కీచకుడు. భీముడుగా నటించినవారు బరువులెత్తుటలో ప్రసిద్ధులైన దండమూడి రాజగోపాల్. నిజమైన మల్లుని యెదుట నిలిచియు కీచకుడు ఏమాత్రము చిన్నబోలేదు. ఆ పాత్రకు జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చలనచిత్రోత్సవమున రంగారావు ఉత్తమ నటుడుగా గౌరవము పొందినారు.

పెరుగుట నేర్చినంత చక్కగా తగ్గుటయు ఆయన నేర్చినారు. ‘బంగారు పాప’లో కోటయ్య మొరటువాడు, పసిపాప చేతికి వచ్చిన తరువాత అతని దేహమే మెత్తబడినట్లుండును. 1955 నాటి ‘మిస్సమ్మ’లో ఆయన సాత్త్వికుడైన జమీందారు, యుక్తవయస్కురాలైన కుమార్తెకు తండ్రి. అప్పటికి ఆయన వయసు నలువది నిండలేదు. ఎత్తు విషయమున వలెనే వయసు విషయమునను ఆయన ప్రేక్షకుని నమ్మించి మోసగించినారు. ప్రేక్షకుడు సంతోషముగా మోసపోయినాడు. 1967లో ‘చదరంగం’, 1968లో ‘బాంధవ్యాలు’ చిత్రములకు ఆయనే దర్శకత్వము వహించినారు.

1974 జూలై 18న, 56 ఏండ్ల వయసున, రంగారావు మద్రాసులో కన్నుమూసినారు. ఆయన రూపము తలచినవారు భగవంతుడిచ్చిన నిండైన విగ్రహమును మెచ్చుట పరిపాటి. ఆ మెప్పులో ఆయనకు కొంత అన్యాయము కలదు. ఆ విగ్రహముతోనే ప్రవరుడై ఆయన ఓడినారు. ఆ విగ్రహముతోనే మాంత్రికుడై గెలిచినారు. నడుమ చేరినది సాధన. పాఠశాల నాటకములో వేషమునకు పిల్లలను ఎత్తును బట్టి ఎన్నుకొను ఉపాధ్యాయులు ఈ సంగతి గుర్తుంచుకొనదగినది. వరుసలో చివర నిలుచు పొట్టి బాలునిలో కూడ ఒక ఘటోత్కచుడు ఉండవచ్చును.

పర్ణశాలలో గుట్టను చూచి రావణుని ఎత్తు ఊహించుట యెట్టిదో, తెరను చూచి రంగారావు ఎత్తు లెక్కించుట యట్టిది. చూచువాని మనసులో ఎంత చోటు ఆక్రమించినారో అదియే అచ్చట లెక్కకు వచ్చును.